పెట్టెలో ఇమిడిన యుద్ధము

ఈ సాయంకాలము నేను ప్రసంగింపనున్న విషయము మీలో పలువురకు క్రొత్తగా తోచవచ్చును. బల్లమీద కొండలు, వాగులు, ఊళ్లు నమూనాగా అమర్చి, వానినడుమ వ్రేలెడంత సైనికుల బొమ్మలను నిలిపి, కొలబద్దతో కొలిచి నడపుచు, పాచికలు వేసి గెలుపోటములను నిర్ణయించు యుద్ధక్రీడ యొకటి ఐరోపా ఖండమున రెండు శతాబ్దములకు పైగా పెరుగుచు వచ్చినది. అట్టి క్రీడను ఎన్నడు నెరుగనివానికి మొట్టమొదట చేతికిచ్చు పెట్టెలో ఏమి యుండవలెను, ఏమి యుండరాదు అను ప్రశ్నకు ఆయా కాలములవారు చెప్పిన సమాధానముల చరిత్రమే నేటి నా ప్రసంగము.

ఇది పిల్లల యాటను గూర్చిన ముచ్చట మాత్రమేయని తలపకుడు. ఈ పెట్టెను రాజులు తమ మందిరములలో నుంచుకొనిరి. సేనాధిపతులు దండులకు పంచిపెట్టించిరి. ఒక గొప్ప రచయిత దీనిని యుద్ధమునకే విరుగుడుగా చూపెను. ముప్పదియైదేండ్లు బడిలో పాఠము చెప్పినవాడనగుటచే నాకిందు మఱియొక ఆసక్తియు కలదు. పెద్ద విద్యను చిన్నవానికి ఎచ్చట మొదలుపెట్టి చెప్పవలెనన్నది ఉపాధ్యాయుని నిత్యసమస్య. ఆ సమస్యయే ఈ పెట్టెలో దాగియున్నది.

అమరకోశమును వల్లించినవారికి సేనల లెక్క జ్ఞాపకముండును. ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, ఐదుగురు కాల్బంటులు కలసినచో అది పత్తి. మూడు పత్తులు సేనాముఖము. మూడు సేనాముఖములు గుల్మము. ఇట్లు మూడింతలు చేయుచు గణము, వాహిని, పృతన, చమువు, అనీకిని అను మెట్లెక్కి, పది అనీకినులు కూడగా అక్షౌహిణి యగును. అక్షౌహిణికి 21,870 రథములు, అన్నియే ఏనుగులు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 కాల్బలము. ఇంత మహాసైన్యమునకు మూలము పదింటి కూటమియగు పత్తి. ఇందొక సూక్ష్మమున్నది. పత్తి చిన్నదేకాని కొఱతది కాదు. చతురంగములలో ఏదియు అందు లోపింపలేదు. పత్తిని నడపనేర్చినవాడు అక్షౌహిణిని ఊహింపగలడు. నేను చెప్పబోవు పెట్టెల మంచిచెడ్డలను కొలుచుటకు ఈ పత్తియే మనకు కొలబద్ద.

చదరంగము మన దేశమున పుట్టినదన్న మాట మీరెరుగుదురు. ఏడవ శతాబ్దమునందలి బాణభట్టుడు హర్షచరిత్రమునందు అష్టాపదమను అరువదినాలుగు గళ్ల పలకను, దానిపై చతురంగముల కూర్పును పేర్కొనియున్నాడు. ఆ క్రీడ పారసీకమునకు పోయి చత్రంగ్ అయ్యెను. అరబ్బులయొద్ద షత్రంజ్ అయ్యెను. వారినుండి ఐరోపాకు చేరెను. నాలుగంగముల సేన అందుండుటచే చదరంగము పత్తివంటిదే. అయినను యుద్ధము నెరిగినవారు దానియందు మూడు లోపములను చూచిరి. పలక అంతయు చదునుగానుండును. కొండయు లేదు, బురదయు లేదు. శత్రువు ఎత్తులన్నియు కన్నులయెదుటనే యుండును. పొంచియుండుట కవకాశము లేదు. దైవమునకు చోటు లేదు. గుఱ్ఱము బంటును కొట్టదలచినచో కొట్టియే తీరును. రణరంగమున అట్టి నిశ్చయ మెక్కడిది?

ఈ లోపములను తీర్పబూనినవారిలో ముందుగా చెప్పదగినవాడు జర్మను దేశమునందలి బ్రౌన్ష్వైగు నగరవాసి యోహాన్ క్రిస్టియన్ లుడ్విగ్ హెల్విగ్. ఇతడు గణితోపాధ్యాయుడు, కీటకశాస్త్రజ్ఞుడు కూడ. 1780లో ఇతడొక యుద్ధక్రీడను ప్రకటించెను. దాని పలకమీద గళ్లు 1,600కు పైబడి యుండెను. భూమి స్వభావమును బట్టి గళ్లకు రంగులు వేయించి, కొండ, నీరు, బురద, అడవి వేరువేరుగా తెలియునట్లు చేసెను. శత్రురాజును కట్టడి చేయుటకు మారుగా శత్రువు కోటను పట్టుట గెలుపుగా నిర్ణయించెను. ఇతడు క్రొత్త క్రీడను చదరంగముమీదనే నిలుపుటకు కారణమేమనగా, చదరంగము తెలిసినవాడు దీనిని సులభముగా నేర్చుకొనునని. తెలిసినదానినుండి తెలియనిదానికి తీసికొనిపోవుట ఉపాధ్యాయులకు ప్రాతసూత్రము. కాని వేయియార్నూరు గళ్ల పలకను చూచినంతనే క్రొత్తవాని గుండె జారును. త్రోవ మంచిదేకాని మొదటిమెట్టు మిక్కిలి ఎత్తయినది.

అటుపై ప్రష్యా రాజ్యమునందలి బ్రెస్లావు పట్టణమున గియోర్గ్ లియోపోల్డ్ ఫన్ రైస్విట్జ్ అను ఉద్యోగి యుండెను. ఇతడు యోధుడు కాడు, పరిపాలనాధికారి. గళ్ల పలక సహజభూమికి దూరమని ఇతడు గ్రహించి, మొదట ఇసుకబల్లమీద కొండలు, లోయలు తీర్చి క్రీడ నడపెను. రాజకుమారులు దానిని చూచి మెచ్చి తమ తండ్రితో చెప్పిరి. మహారాజునకు ఇసుకబల్ల సమర్పించుట మర్యాద కాదని యెంచి రైస్విట్జ్ శ్రమపడి 1812లో ఒక బీరువావంటి బల్లను సిద్ధపరచి మూడవ ఫ్రెడరిక్ విల్హెల్మ్ రాజునకు అర్పించెను. అది ఇంచుమించు ఆరడుగుల చదరము. దాని సొరుగులలో గచ్చుతో పోతపోసి రంగులు వేసిన భూమి తునుకలుండెను. వానిని ఎట్లు పేర్చిన అట్లు క్రొత్తదేశ మేర్పడును. సేనలు పింగాణి తునుకలు. నేటికిని ఆ బల్ల బెర్లినునందలి షార్లొటెన్‌బుర్గ్ ప్రాసాదమున నిలిచియున్నది.

బల్ల అందమైనదే, కాని అది ఒక్కటియే. రాజు ఇంటిలో నున్న బల్లచే రాజ్యమునందలి చిన్న అధికారి ఏమి నేర్చును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు ఆయన కుమారుడు, ఫిరంగిదళమున లెఫ్టినెంటు. తండ్రి బల్లను కొడుకు పెట్టెగా మార్చెను. గచ్చు తునుకలకు మారుగా కాగితముమీద అచ్చయిన పటమును తెచ్చెను. ఆ పటమున భూమి 8,000లో ఒకవంతుగా కుదింపబడినది. సేనలకు సీసపు చిన్న చిన్న దిమ్మలను చేయించి, ఒక పక్షమునకు ఎఱుపు, ఒక పక్షమునకు నీలము పూయించెను. దిమ్మల కొలత కూడ పటపు కొలతకు సరిపడియుండును. వానితోడ పాచికలు, కొలబద్ద, నిబంధనల పుస్తకము. ఆ పుస్తకము 1824లో వెలువడినది.

కుమారుని నిబంధనలలో మూడు విశేషములు గమనింపదగినవి. మొదటిది: ఒక్కొక్క వంతు రెండు నిమిషముల కాలమునకు సమానము. ఆ కాలములో కాల్బలము ఎంత నడచునో, గుఱ్ఱపుదళ మెంత పరుగిడునో అంతే దిమ్మను జరుపవలెను. రెండవది: ఫిరంగి ప్రేల్చినప్పుడు నష్టమెంతయో పాచిక చెప్పును. దగ్గరనుండి ప్రేల్చినచో నష్టము హెచ్చగును, దూరమునుండి తగ్గును. ఐనను ఇంతయేయని ముందుగా ఎవడును చెప్పజాలడు. పురుషకారమునకును దైవమునకును తగినపాళ్లలో చోటిచ్చిన ఏర్పాటిది. మూడవది, నా దృష్టిలో మిక్కిలి గొప్పది: ఇరుపక్షములకు నడుమ ఒక మధ్యస్థుడు కూర్చుండును. ఆటగాండ్రు తమ యాజ్ఞలను వ్రాసి ఆయనకిత్తురు. కంటికి కనబడు శత్రుదళమును మాత్రమే ఆయన పటముమీద నుంచును. దూరమునందున్న దళమునకు ఆజ్ఞ చేరుటకు దూతకు ఎంతసేపు పట్టునో అంతసేపు ఆలస్యమగును. పొగలో, పుకారులలో, ఆలస్యముగా వచ్చు వార్తలతో చిక్కుకొను సేనాని అవస్థ దీనివలన ఆటలోనికి వచ్చినది.

ప్రష్యా సేనల జనరల్ స్టాఫునకు అధిపతియైన జనరల్ ముఫ్లింగ్ దీనిని చూచుటకు వచ్చి, మొదట ఉదాసీనముగా కూర్చుండి, చూడగా చూడగా ఉత్సాహము పొంది, ఇది ఆట కాదు, యుద్ధమునకు నిజమైన పాఠశాల యని మెచ్చెనని చెప్పుదురు. రెజిమెంటులకు ఈ పెట్టెలు చేరెను. కాని కనిపెట్టినవానికి ఆ కీర్తి సుఖము కూర్పలేదు. తోటివారిలో కొందరికి కన్ను కుట్టెను. ఆయనను టోర్గావు అను దూరపు కోటకు బదిలీ చేయగా దానిని వెలివేతగా తలచి కుంగిపోయి, 1827లో ఆయన తన ప్రాణమును తానే తీసికొనెను. వేలకొలది సీసపు సేనలను నడపుటకు సూత్రములు వ్రాసిన మనుష్యుడు తన యొక్క జీవితపు దెబ్బకు తాళలేకపోయెను. ఈ క్రీడ చరిత్రమున ఈ పుటను దాటి పోరాదని నా యభిప్రాయము.

పిమ్మట ఆస్ట్రియామీద 1866లోను, ఫ్రాన్సుమీద 1870–71లోను ప్రష్యా గెలిచినప్పుడు ఇతర రాజ్యములవారు ఆ గెలుపునకు కారణములు వెదకుచు ఈ పెట్టెను కూడ కనుగొనిరి. ఇంగ్లండులో 1872లో దీని నిబంధనలు వెలువడినవి. కాని అప్పటికి జర్మనీలోనే క్రొత్త చిక్కు పుట్టియుండెను. నిబంధనలు పెరిగి పెరిగి పట్టికలుగా, లెక్కలుగా విస్తరించెను. నేర్వవచ్చిన అధికారి కూడికలు తీసివేతలతో అలసి వెనుదిరుగుచుండెను. 1876లో వెర్డీ ద్యు వెర్నువా అను సేనాధికారి ఈ పట్టికలన్నిటిని ప్రక్కకు నెట్టి, అనుభవశాలియగు మధ్యస్థుని తీర్పే ప్రమాణమని వ్రాసెను. ఆ పద్ధతిలో క్రొత్తవాడు నిబంధనలను చదువనక్కఱలేదు. తాను చేయదలచినది చెప్పిన చాలును.

ఇది వినుటకు హాయిగానున్నది. కాని నేను పల్లెటూరి బడిలో పనిచేసినవాడను గనుక దీనిలోని కష్టము నాకు తెలియును. గ్రంథము లేక గురువొక్కడే ప్రమాణమైనచో, ఆ గురువు సమర్థుడైననే విద్య సాగును. అట్టి గురువు ఊరికొకడు దొరకడు. అందుచే పెట్టెను కొన్నవానికి పుస్తకమే గురువు కావలెను. అదియు చిన్న పుస్తకము కావలెను.

ఆ చిన్న పుస్తకమును వ్రాసినవాడు సైనికుడు కాక ఒక నవలాకారు డగుట విచిత్రము. ఆయన ఎచ్. జి. వెల్సు. అంతకుముందే, 1893 మొదలు, విలియం బ్రిటన్ కుటుంబమువారు లోపల డొల్లగానుండునట్లు సీసపు బొమ్మలను పోతపోయు విధానము కనుగొనియుండిరి. సీస మాదాయగుటచే వెల తగ్గెను. కాల్బంటులైన ఎనిమిదిమంది, రౌతులైన ఐదుగురు చొప్పున అట్టపెట్టెలో నమర్చి అమ్ముచుండగా, నడిమితరగతి ఇండ్లలోను చిన్నసేనలు చేరెను. ఆ బొమ్మలతోడ చిన్న ఫిరంగియు వచ్చినది. స్ప్రింగు బలమున అది చిన్న కొయ్యముక్కను చిమ్మి, గురి కుదిరినచో బొమ్మను పడగొట్టును. వెల్సు ఈ ఫిరంగినే తన క్రీడకు కేంద్రముగా చేసి, 1913లో ‘లిటిల్ వార్స్’ అను గ్రంథమును ప్రకటించెను.

అందలి నిబంధనలు ఎంత తేలికయో చూడుడు. కాల్బంటు ఒక వంతునకు ఒక అడుగు నడచును. రౌతు రెండడుగులు పోవును. ఫిరంగి దగ్గర నలుగురు మనుష్యులు లేనిదే అది కదలదు, ప్రేలదు. ఫిరంగి ముక్క తగిలి పడినవాడు చచ్చినట్లు. ఇరువురు సమానబలముతో కలియబడినచో ఇరుపక్షములవారును సమసిపోవుదురు. గడియారము చూచుకొని నిర్ణీత కాలములో కదలికలన్నియు ముగింపవలెను. పుస్తకములు, కొయ్య ఇటుకలు ఇండ్లును కొండలును అగును. పాచిక లేదు, పట్టిక లేదు, మధ్యస్థు డక్కఱలేదు. పదేండ్ల బాలుడు ఒకపూటలో నేర్చుకొనును. అట్లయ్యు మన పత్తి లక్షణము చెడలేదు: కాల్బలము, అశ్వబలము, ఫిరంగి, భూమి, కాలము అన్నియు నందున్నవి.

వెల్సు ఈ క్రీడను వ్రాసినది యుద్ధోత్సాహము పెంచుటకు కాదు. ఈ చిన్నయుద్ధమును మూడునాలుగుమారులాడినవాడు, నిజమైన మహాయుద్ధ మెంత తెలివిమాలిన తడబాటుల పుట్టయో గ్రహించునని ఆయన ఆ గ్రంథాంతమున వాదించెను. ఇచ్చట నెత్తురు లేదు, విధవలు లేరు, కాలిన ఊళ్లు లేవు. యుద్ధము కోరువారు ఈ బొమ్మలతో తృప్తిపడుడని ఆయన భావము. గ్రంథము వెలువడిన మరుసటి సంవత్సరమే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. ఒకప్రక్క రైస్విట్జ్ పెట్టెతో శిక్షణ పొందిన సేనానులు. ఒకప్రక్క బొమ్మలతో తృప్తిపడుడని బోధించిన వెల్సు. ఆ వెల్సే ఆ యేట, ఇది యుద్ధములన్నిటిని అంతము చేయు యుద్ధమని చెప్పి తన దేశము పక్షమున వ్యాసములు వ్రాసెను. ఒకే పెట్టె యుద్ధమునకు సన్నాహమును కాగలదు, యుద్ధముమీద విరక్తియు కాగలదు. పెట్టెలో ఏమున్నదో దానికంటె దానిని ఏ బుద్ధితో తెరచుచున్నామన్నది ముఖ్యమని ఈ చరిత్రము చెప్పుచున్నది.

కాలము మారినది. సీసము విషమని తెలిసినపిమ్మట పిల్లల బొమ్మలు ప్లాస్టిక్కుతో చేయుట వాడుకయైనది. మీ ఇండ్లలో ఎచ్చటనైన ప్రాత సీసపు బొమ్మలున్నచో వానిని పసివారి నోటికందనీయకుడని ఈ సందర్భమున మనవి. ఈ కాలపు తొలిపెట్టెలలో నొకదానిని మాత్రము ఉదాహరించెదను. ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ అను సంస్థవారు 1993లో ఊహాలోకపు యుద్ధమును గూర్చి ఒక పెట్టెను ప్రకటించిరి. అందొక పక్షమున కవచధారులైన యోధులు ఇరువదిమంది. ఎదుటిపక్షమున రాక్షసజాతివారు ఇరువదిమంది, వారికి తోడు అల్పప్రాణులు నలువదిమంది. పాచికలు, కొలబద్దలు, అట్టతో చేసిన శిథిలగృహములు అన్నియు నొకేపెట్టెలో నుండెను.

కొలదిమంది బలవంతులు ఒకప్రక్క, పెక్కండ్రు బలహీనులు వేఱొకప్రక్క. ఇది మీకు వింత కాదు. మన రచ్చబండమీద గీచిన పులిజూదములో మూడు పులులు, పదునైదు మేకలు లేవా? పులిని నడపువానికి దుముకు చాలును. మేకలను నడపువానికి ఓర్పు, కట్టు కావలెను. ఇరువురు వేఱువేఱు విద్యలు నేర్తురు. వంతు మార్చుకొన్నప్పుడు ఎదుటివాని కష్టము తెలియును. క్రొత్తవానికిచ్చు పెట్టెలో సమానసేనలకంటె ఇట్టి అసమానసేనలే మేలని నా తాత్పర్యము. దానికి కావలసిన పరికరములు ఒక సుద్దముక్క, పదునెనిమిది గులకరాళ్లు. ఇంతకంటె చవుకైన తొలిపెట్టె ఏ దేశమునను లేదు.

నా యనుభవము నొకదానిని చెప్పెదను. ఎనిమిదవ తరగతి పిల్లలకు మూడవ పానిపట్టు యుద్ధమును బోధింపవలసివచ్చినప్పుడు నేనును ఒక పెట్టెను కూర్చితిని. నేలమీద సుద్దతో పటము గీచితిని. చింతపిక్కలు మరాఠాల సేన; గవ్వలు అహమ్మద్‌షా అబ్దాలీ సేన. నాలుగు నల్లగురుగింజలు ఇబ్రాహీంఖాన్ గార్దీ ఫిరంగులు. ఈతడు అంతకుముందు మన హైదరాబాదు నిజాము కొలువున నున్నవాడే. వీనితోపాటు ఇరుపక్షములకు దోసెడేసి కందిగింజలిచ్చితిని. ప్రతివంతునకు సేన కొన్ని కందిగింజలను తినవలెను. త్రోవ తెగినవానికి క్రొత్తగింజలు రావు. ఇంతకుమించి నిబంధనలు లేవు.

మొదట పిల్లలు గింజలను లక్ష్యపెట్టలేదు. చింతపిక్కలను ముందుకు తోయుటయే వారి ఆనందము. మరాఠాపక్షమువారు పానిపట్టువద్ద దిగి చుట్టును కందకము త్రవ్వుకొనిరి. దక్షిణపు త్రోవను గవ్వలు మూసెను. వంతులు గడచినకొలది దోసిలి తఱిగెను. చివరకు పదిగింజలు మిగిలినప్పుడు సదాశివరావు భావు స్థానమున కూర్చున్న బాలుడు చాలసేపు మాటాడక, ఇక లోపలనుండి ఆకలితో చచ్చుటకంటె బయటపడి పోరాడుటయే మేలని చెప్పెను. 1761 జనవరి 14వ తేదీన భావు చేసిన నిర్ణయ మదియే. రెండునెలలకు పైగా గ్రాసము తెగిన సేనతో ఆయన ఆ యుదయము కదలెను. ఆ పాఠమును నేను మరల చెప్పనక్కఱలేకపోయెను. ఓటమికి కారణము పిఱికితనము కాదని, గింజలని ఆ పిల్లలు తమంతట తాము వ్రాసిరి.

ఈ చరిత్రమునుండి తొలిపెట్టెకు నేను గ్రహించిన లక్షణములను సంగ్రహముగా విన్నవించెదను. పెట్టె చిన్నదైనను పత్తివలె సర్వాంగములు కలదై యుండవలెను. ఇరుపక్షములును ఒకే పెట్టెలో నుండవలెను. ఎదుటివానిని వెదకికొని పొమ్మన్న పెట్టె వ్యర్థము. కొండయో వాగో, కొంత భూమి కూడ అందుండవలెను. మొదటి పోరు ఒకపూటలో ముగియవలెను. దానికి నడచుట, కొట్టుట అను రెండు సూత్రములే చాలును. తక్కినవి రెండవ, మూడవ పోరులలో ఒక్కొక్కటిగా రావలెను. గుణింతము రానివానికి ఛందస్సు చెప్పుదుమా? కడపటిది: పడిపోయిన బొమ్మ కేవలము లెక్క కాదని తెలుపునది ఏదైన పెట్టెలో నుండవలెను. నా పెట్టెలో ఆ పని కందిగింజలు చేసెను.

నేడు మన మనుమలు చేతిలోని ఫోనులో తుపాకులు ప్రేల్చుచు, పడినవాడు మరల లేచు యుద్ధములను ఆడుచున్నారు. వానిని మాన్పింప మనవలన కాదని పెద్దలనేకులు నాతో వాపోయిరి. కేవలము వలదన్నంతమాత్రమున మానరు. వారియెదుట కూర్చుండి, నేలమీద సుద్దతో నాలుగు గీతలు గీచి, ఒక దోసెడు గింజలు పోసి, వారితో ఆడుడు. ఎదుట మనుష్యుడున్న యాటలో వంతు మారును, మాట పుట్టును, ఓడినవాని ముఖము కనబడును. మీ యూరి కోట కథయో, మీ తాతలు చెప్పిన పోరు కథయో తీసికొని ప్రతిసేనకును ఆకలిని, ఆలస్యమును, అదృష్టమును చేర్చుడు. యుద్ధమనగా వీరుని గుఱ్ఱమొక్కటియే కాదని, దాని వెనుక గ్రాసము మోసిన యెద్దులు, ఇంటివద్ద ఎదురుచూచిన వారు కలరని ఆ గింజలే వారికి చెప్పును.